పింఛనుదారు కొత్త కొలువు

కార్తీకమాసమనగా నదీస్నానములును, ఉపవాసములును, ఉసిరిచెట్టు క్రింద వనభోజనములునే గాక, కేంద్రప్రభుత్వపు పింఛను పుచ్చుకొను మాబోంట్లకు ఇంకొక వ్రతము కూడ ఇంచుమించు ఆ దినములలోనే ప్రాప్తించును. అది, తాము ఇంకను బ్రదికియున్నామని ప్రభుత్వమువారికి నమ్మకము కలుగునట్లు నిరూపించుకొనుట. గుడివాడలోను, బందరులోను, తుదకు అవనిగడ్డలోను కలిసి ముప్పదియారు సంవత్సరములు తపాలాకచేరి కౌంటరు వెనుక కూర్చుండి, వ్రాయనేరని వేలకొలది జనుల వ్రేలిముద్రలకు సాక్షినైన నాకు, నా వ్రేలిముద్రను ఎరుగనని యంత్రము మొగము త్రిప్పుకొనుట మొదటియేట వింతగాను, రెండవయేట అవమానముగాను తోచి, మూడవయేటికి అలవాటైపోయినది. నోట్లు లెక్కించి లెక్కించి రేఖలు అరిగిపోయినవని మా యింటి ఇల్లాలి సిద్ధాంతము. 2014 నవంబరు 10వ తేదీన ఆరంభమైన జీవన్ ప్రమాణ్ అను ఆ పద్ధతి మొదట వ్రేలిముద్రను, కనుపాపను మాత్రమే నమ్మెడిది. 2021 నుండి మొగమును కూడ నమ్ముచున్నది కనుక, ఇంటనే సెల్‌ఫోను ఎదుట కూర్చుండి ఒక్కమారు రెప్ప వాల్చినచో, మనుష్యుడు సజీవుడేయని ఢిల్లీకి తెలిసిపోవును. రెప్ప వాల్చుటకు నేను సిద్ధముగనే యుంటిని. ఇంటర్నెట్టే సిద్ధముగా లేదు.

ఉప్పుగాలికి ఇనుపమేకు సైతము ఏడాది తిరుగకుండ ఎర్రబారు కోడూరు మండలపు పల్లె మాది. అట్టి పల్లెకు కూడ కరెంటు స్తంభముల మీదుగా గాజుపోగు తీగ వచ్చి, పొలమునుండి వచ్చిన రైతు కాళ్లు కడుగుకొని అమెరికాలోని మనుమరాలి మొగము చూచి అన్నమునకు కూర్చుండు కాలము సంప్రాప్తమైనది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితము చేసిననాడు, నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్టు మూడును ఒకే తీగలో వచ్చునన్న మాట విని మా అరుగుల మీద నమ్మినవారు తక్కువ. తరువాత ఆ త్రోవనే ఇతర సంస్థల తీగలును వచ్చి, ఇప్పుడు ఒక్కొక్క స్తంభము తీగల జడలు విరబోసికొన్న మఱ్ఱివలె కనుపట్టుచున్నది. మా యింటికి తీగ లాగిన సంస్థ పేరు ఇచ్చట అనవసరము. పాఠకుడు తన యింటి సంస్థ పేరు వ్రాసికొన్నను ఈ కథలో అక్షరము మారదు.

ఆ ఉదయము మోడెము మీద ఆకుపచ్చగా నిలువవలసిన దీపము ఎర్రగా మినుకుమినుకుమనుచుండెను. కాంతి లోనికి వచ్చుట లేదని దాని భావము; తీగ ఎచ్చటనో తెగినదన్నమాట. సంస్థకు ఫోను చేయగా ఒక మధురకంఠము తెలుగునకు ఒకటి నొక్కుమని, ఇబ్బందులకు మూడు నొక్కుమని, వేచియుండుమని, మరల వేచియుండుమని చెప్పి చెప్పి, తుదకు ఫిర్యాదులను తమ వెబ్‌సైటునందు మాత్రమే నమోదు చేసికొనవలసినదిగా విన్నవించి వీడ్కోలు పలికెను. నీట మునిగినవాడు ఒడ్డునకు వచ్చి, తాను మునిగిన సంగతి అర్జీ వ్రాసి పెట్టుకొనవలెనన్నట్లుండెను ఆ ఆజ్ఞ. మా యింట మేడ మీద నీళ్లట్యాంకు ప్రక్కన, వేపకొమ్మకు మూడడుగుల ఎడమున, ఒక్కచోట మాత్రము సెల్‌ఫోనుకు సిగ్నలు అందును. అచ్చట తువ్వాలు నెత్తిని వేసికొని నేను ఆ వెబ్‌సైటును తెరచితిని.

పాస్‌వర్డు అడిగినది, చెప్పితిని. తప్పన్నది. మరచిపోయితిరా యని తానే అడిగినది, అవునంటిని. మీరు యంత్రము కారని నిరూపించుకొనుడని, వంకరటింకర అక్షరములు కొన్ని చూపి, వానిని సరిగా వ్రాయుమన్నది. ప్రభుత్వమువారికి నేను బ్రదికియున్నానన్న సందేహము, ఈ సంస్థవారికి నేను మనిషినేనా యన్న సందేహము. ఈ రెండును ఒకే వారమున నా మీదనే కలుగుట గ్రహచారము గాక ఏమగును? మూడవ ప్రయత్నమున నేను మనిషినేయని అంగీకరించి, నమోదైయున్న నంబరునకు ఓటీపీ పంపితిమని చెప్పెను. నమోదైయున్న నంబరు మా పాత ల్యాండ్‌లైను నంబరు. ఆ పరికరము ఎన్నో యేండ్లుగా లేసుగుడ్డ కప్పుకొని బీరువా మీద కూర్చున్నది. దానికి తీగయే లేదు. నంబరు మార్చుకొందమన్నచో ముందు లోనికి ప్రవేశింపవలెను. లోనికి ప్రవేశింపవలెనన్నచో ఆ నంబరునకు వచ్చిన ఓటీపీ చెప్పవలెను. అభిమన్యునికి లోనికి పోవుటయైన తెలిసియుండెను!

హైదరాబాదులో సాఫ్ట్‌వేరు కొలువు చేయు మావాడు సాయంకాలము ఇందలి మర్మము విప్పిచెప్పెను. పాత ఖాతాలు ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు మార్చునపుడు, పూర్వకాలపు నంబర్లు, ఇంటిపేర్ల స్పెల్లింగులు, పల్లెల పిన్‌కోడులు ఒండొంటితో పొసగక ఇట్టి చిక్కులు వచ్చుననియు, బిల్లు గడువునాడు ఊరూరివారు ఒక్కసారి మీదపడునప్పటికి వెబ్‌సైటు చేతులెత్తివేయుననియు, దానిని నిలిపియుంచుటకై తనవంటి వారు రాత్రులు మేలుకొని కాపలా కాయుచుందురనియు అతడు చెప్పెను. "నలభైఅయిదు వచ్చేసరికి రిటైరైపోతా నాన్నా, నావల్ల కాదు" అని కూడ అనెను. అతనికిప్పుడు ముప్పదియెనిమిది. వారమునకు 70 గంటలు పనిచేయవలెనని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువకులకు చెప్పిన హితవచనము అతని చెవిని పడినది గాని, పట్టినట్లు లేదు. అరువదియేడు నిండిన తండ్రి పని దొరకక మేడ యెక్కి దిగుచుండ, కొడుకు పని వదలుటకు యేండ్లు లెక్కించుచుండుట మా యింట మాత్రమే కాదని తరువాత విచారింపగా తెలిసినది.

ఇక నా మేడపై కొలువు సంగతి. మూడవనాడు, మావాడు దూరమునుండి ఏమి మంత్రము వేసెనో, లోనికి ప్రవేశము దొరకినది. అచ్చట నా పేరు, తండ్రి పేరు, ఊరు, గుర్తు, దీపపు రంగు నేనే వ్రాసితిని. మోడెము ఛాయాచిత్రము నేనే తీసి అతికించితిని. లోపము ఏ తరగతికి చెందినదో, తీగదా, పెట్టెదా, బిల్లుదా, నేనే నిర్ణయించితిని. సగములో నుండగా వ్యవధి తీరినదని, మరల మొదటినుండి రమ్మన్నది. వచ్చితిని. సర్వరు తీరికగా లేదు, కొంతసేపటికి ప్రయత్నింపుడన్నది. ప్రయత్నించితిని. అప్పుడు గదా స్ఫురించినది! ఈ పని నాకు కొత్త కాదు. మనియార్డరు ఫారము నింపనేరని ముసలమ్మల పక్షమున ముప్పదియారేండ్లు నేను చేసిన పనియే ఇది. కూపను మీద "అబ్బాయి, క్షేమము, నీవు పంపిన సొమ్ము అందినది" అని వ్రాసిపెట్టిన ఆ గుమాస్తాగిరియే, నేను జీతము, ఇంక్రిమెంటు, క్యాజువల్ లీవు లేకుండ, నెలనెల సంస్థకు ఎదురు సొమ్ము చెల్లించుచు, నీళ్లట్యాంకు ప్రక్కన నిలువుకాళ్లపై చేయుచున్నాను. సంస్థవారు కౌంటరు ఎత్తివేసిరి. కౌంటరు వెనుకటి పనిని మాత్రము మా ఇండ్లకు పంపించిరి. ఆంధ్రదేశమంతట ఎందరు వృద్ధులు ఈ కొలువులో చేరియున్నారో ఏ రిజిస్టరునందును లెక్కలేదు.

బందరులో మనుష్యులు కూర్చుండు కార్యాలయము ఒకటి కలదని ఎవరో చెప్పగా, మోపిదేవి, చల్లపల్లి మీదుగా బస్సున పోయితిని. తలుపు మూసి, అన్ని సేవలును ఆన్‌లైనులోనేయని కాగితము అంటించియుండెను. వచ్చిన ఖర్చుకు ఒక అరకిలో బందరు లడ్డు కొనుక్కొని, కోనేరు సెంటరు దాక నడచుచు పోవునపుడు, ఈ ఊరున మూతపడిన బోర్డులన్నియు ఒక్కమారుగా జ్ఞప్తికి వచ్చెను. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923 నవంబరులో ఇచ్చటనే స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, తన నూరవయేట అడుగుపెట్టుటకు ముందే, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమైనది. 1902లో పుట్టి, ముట్నూరి కృష్ణారావు చేతిలో తెలుగు గద్యమునకు వెన్నెముక నిచ్చిన కృష్ణాపత్రిక ఊరు ఇది. మనుష్యులకువలెనే సంస్థలకును ఒకనాటికి విరమణము తప్పదు కాబోలు. అయినను వానికి జీవన ప్రమాణపత్రము అడుగువారు లేరు.

తిరుగుబస్సులో మావూరి విశ్రాంత బీఎస్ఎన్ఎల్ లైన్‌మనుతో కూర్చుండుట తటస్థించినది. ఇతడు పనిచేసిన సంస్థ వేరు, మా యింటి తీగ వేరు. ఆ భేదము పాఠకుడు మనసున ఉంచుకొనవలెను. 1985 జనవరిలో తపాలా శాఖ, టెలిఫోను శాఖ వేరుకాపురములు పెట్టువరకును తపాలా తంతి యని ఒకే కుటుంబము గనుక, ఇతనిని నేను దాయాదిగనే ఎంచుదును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ స్తంభములన్నియు ఒరిగి, తీగలు తెగి, ఇచ్చట ఊళ్లకు ఊళ్లు కొట్టుకొనిపోయిన వార్త బయటి ప్రపంచమునకు చేరుటకే జాగైన ఆ దినములలో, బురదలో దిగి మరల తీగ నిలబెట్టిన పనివారి వద్ద ఇతడు తరువాతి కాలమున పని నేర్చినాడు. లైట్నింగ్ కాల్ అనగా మామూలు ట్రంకు కాలునకు ఎనిమిది రెట్లు రుసుము ఇచ్చుకొనవలసిన రోజులవి. చావు కబురునకో, పెండ్లి సంబంధము తప్పినపుడో గాని ఎవరును అడిగెడివారు కారు. 2013 జూలైలో టెలిగ్రాము ఆగిపోయిననాడు ఇతడును నేనును అవనిగడ్డ సెంటరులో టీ త్రాగుచు చాలసేపు మాటలాడలేదు.

2019 అక్టోబరు 23న ఇతని సంస్థను గూర్చి కేంద్రమంత్రివర్గము నిర్ణయము చేసినది. నవంబరు 4 నుండి డిసెంబరు 3 దాక బీఎస్ఎన్ఎల్ ఉద్యోగులలో ఏబదియేండ్లు నిండినవారు స్వచ్ఛందముగా విరమించుకొనవచ్చునని పిలుపు వచ్చినది. గడచిన ప్రతి సంవత్సరమునకు 35 దినముల జీతము, మిగిలిన ప్రతి సంవత్సరమునకు 25 దినముల జీతము ఇత్తుమనిరి. ఆదాయములో ఇంచుమించు నాలుగింట మూడువంతులు జీతములకే పోవుచున్న సంస్థ అట్లు పిలుచుటలో ఆశ్చర్యము లేదు. పిలుపునకు పలికినవారు 78,569 మంది యగుట ఆశ్చర్యము. ఉన్నవారిలో సగము! వారందరును 2020 జనవరి 31న, ఒకే సాయంకాలమున, దండలు వేసికొని ఇండ్లకు పోయిరి. యుద్ధములందు తప్ప ఒక్కనాడు ఇందరు ఆయుధములు దింపుట నేనెరుగను.

"మీరెందుకు ఒప్పుకున్నారు?" అని నేనడిగితిని.

"ఉంటే జీతం ఎప్పుడొస్తుందో తెలీదు, పోతే డబ్బులిస్తామన్నారు. పిల్ల పెళ్లుంది" అని, కొంతసేపు కిటికీలోనుండి పులిగడ్డ అక్విడక్టును చూచి, "పని ఎక్కడికి పోద్దండి మాస్టారూ? మనమే పోయాం" అనెను.

విరమించు వయస్సును గూర్చిన నా జ్ఞానమంతయు గుడివాడలో ఆరంభమైనది. 1983 ఫిబ్రవరిలో నేనచ్చట కొత్తగా చేరిన గుమాస్తాను. నెల క్రిందటనే ముఖ్యమంత్రియైన నందమూరి తారక రామారావు ఆ ప్రక్కనున్న నిమ్మకూరు బిడ్డ. గుడివాడ నుండియే శాసనసభకు గెలిచినవాడు. ఊరి సంబరము ఇంకను ఆరలేదు. అట్టి సమయమున రాష్ట్రోద్యోగుల విరమణవయస్సు 58 నుండి 55కు దిగినదన్న ఉత్తరువు పిడుగువలె పడి, ఆ నెల 28వ తేదీతో 18 వేలకు పైబడిన ప్రభుత్వోద్యోగులను, ప్రభుత్వసంస్థలలోని మరి 10 వేలమందిని ఇంటికి పంపినది. నిన్నటిదాక జేజేలు కొట్టిన చేతులే మా కౌంటరునకు రిజిస్టరు కవర్లు తెచ్చెను. యువకులకు ఉద్యోగములు రావలెనని ప్రభుత్వపు వాదము. పెండ్లి కావలసిన కూతుళ్లు, చదువు తీరని కొడుకులు అని వీరి వాదము. 1984 ఆగస్టులో మరల 58 వచ్చినది. ఆ తగ్గింపు చెల్లునని సుప్రీంకోర్టు 1985 జనవరిలో తీర్పు చెప్పునాటికి తగ్గింపే లేదు. పిమ్మట 2014లో 60, 2022 జనవరి నుండి 62. మా కేంద్రమువారికి 1998లోనే 60 అయినది, అందువలన నేను రెండేండ్లు అధికముగా స్టాంపులు కొట్టితిని. ఆంధ్రుని దేహము 1983లో 55కే ఉడిగిపోయి, నాలుగు దశాబ్దములలో ఏడేండ్ల యౌవనము సంపాదించెనని వైద్యులెవరును చెప్పలేదు. గ్రాట్యుటీలకు ఖజానాలో సొమ్ము చాలనపుడు అనుభవము అమూల్యమగును. నిరుద్యోగుల ఊరేగింపు సచివాలయము దాక వచ్చినపుడు యువరక్తము అమూల్యమగును. ముదుసలి పింఛనుకు ఆద్యుడైన జర్మనీ బిస్మార్కు 1889లో 70 యేండ్లు నిర్ణయించినపుడు అంతవరకు బ్రదుకువారే అరుదు. ఖజానా విద్యలో ఆయనను మించినవారు మనలో పుట్టలేదు.

'ఉద్యోగ' శబ్దమునకు సంస్కృతమున ప్రయత్నమనియు పూనిక యనియు అర్థము. ఉద్యోగం పురుషలక్షణమని పెద్దలు చెప్పినపుడు నెలజీతము వారి తలపునందు లేదు. ఆ మాటకు కచేరి, కుర్చీ, ఒకటవ తేదీ అర్థములుగా స్థిరపడినది ఇంగ్లీషువాని కాలమున. విరమించుటయను భావము దాని తోకపట్టుకొని వచ్చినది. మా పల్లెలో జీతము ఎరుగనివారికి విరమణమును ఎరుకలేదు. పెడనలో మగ్గము గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చుండు నేతకానికిని, నాగాయలంక రేవున వల లాగు బెస్తకును ఏబదియేండ్లకే పింఛను ఇచ్చుటలో ప్రభుత్వము వారి చేతులను, మోకాళ్లను సరిగనే చూచినది. 2024 జూలై నుండి అది నెలకు 4,000 రూపాయలు, ఒకటవ తేదీన గడపకు వచ్చి ఇచ్చుచున్నారు. అయినను పింఛను పుచ్చుకొన్న మరునాడు మగ్గము ఆగుట, వల ఎండుట నేను చూడలేదు. మా పొరుగు రైతు డెబ్బదియారేండ్లవాడు. ఎప్పుడు మానుదువని అడిగినచో ప్రశ్నయే అర్థము కానట్లు చూచి, దాళ్వాకు నీరు ఇత్తురా లేదా యని నన్నే తిరిగి అడుగును.

పింఛను రుజువునకు నెలాఖరు గడువు ఇంక నాలుగు దినములుండగా నెట్ అబ్బాయి వచ్చినాడు. వెబ్‌సైటు పంపినందున కాదు. లైన్‌మను అతని నంబరు ఎరిగియుండి పిలిచినందున. ఇరువదినాలుగేండ్ల ఆ బాలుడు పదునొకండు ఊళ్ల తీగలకు ఒక్కడే దిక్కు. కనెక్షనుకు ఇంతయని పుచ్చుకొనును, పీఎఫ్ లేదు, ఆదివారము లేదు. "నీకు రిటైర్మెంటు ఎప్పుడోయ్?" అనగా, "బండి ఆగినప్పుడండీ" యని మోటారుసైకిలు చూపినాడు. తెగినచోటు ఊరి మొగనే దొరకినది. కోతలు సాగుచున్నవి, వరిగడ్డి తలకు మించి ఎత్తిన ట్రాక్టరు ఒకటి వ్రేలాడుచున్న తీగను ఈడ్చుకొనిపోయినది. వెండ్రుకవంటి గాజుపోగు కొసలను అబ్బాయి మద్యసారముతో తుడిచి, సరిగా అడ్డముగా కోసి, చిన్న యంత్రములో ఎదురెదురుగా పెట్టగా, కనురెప్పపాటులో ఒక మెరపు మెరసి రెండును ఒకటైనవి. రాగితీగలను మెలిపెట్టి అతికి ముప్పదియేండ్లు గడిపిన లైన్‌మను, వంగి, ఆ యంత్రపు తెరమీద అతుకును చూచి, "బాగా పడిందిరా" అనెను. అబ్బాయి మొగము వెలిగినది. ఇంటిలో దీపము ఆకుపచ్చనైనది. నేను పరుగున పోయి రెప్ప వాల్చితిని. నేను జీవించియున్నానని రుజువైనది.

తిరిగి వచ్చి చూచునప్పటికి అబ్బాయి పోయెను, లైన్‌మను పోలేదు. తీగ ఇంకను క్రుంగియే యున్నది. బిగించుటకు నిచ్చెన రేపు గాని రాదట. అతడు ఎవరి పెరటిలోనుండియో పంగలకర్ర యొకటి తెచ్చి రోడ్డు ప్రక్క నిలుచున్నాడు. ఇది తన సంస్థ తీగ కాదు; ఏ సంస్థయు తనకు జీతమిచ్చుట లేదు. కోడూరు వైపునుండి గడ్డి ట్రాక్టరు, ఇల్లు కదలివచ్చినట్లు, రెండు ప్రక్కల కంపను ఒరయుచు వచ్చుచుండెను.

"మాస్టారూ, ఆ రెండో కర్ర పట్టండి! కాస్త పైకి!"

పట్టితిని. గడ్డిమోపు తీగ క్రిందుగా, జానెడు ఎడముతో, గడ్డిపరకలు మా నెత్తిన రాల్చుచు సాగిపోవుచుండగా నా చొక్కాజేబులో సెల్‌ఫోను మ్రోగి, దానంతట అదియే మాటలాడసాగెను. ఆ మధురకంఠమే. నా ఫిర్యాదు విజయవంతముగా పరిష్కరింపబడినదట. సేవ తృప్తికరముగా నున్నచో ఒకటి నొక్కవలెనట. వెనుక ఇంకొక ట్రాక్టరు వచ్చుచున్నది. రెండు చేతులును కర్ర మీదనే యున్నవి.